మల్లెతీగ ఫాంటు

"ఎవర్రా ఈ కార్తీక?"

ఆఫీసు నుంచి వచ్చిన మధుసూదన్ ఇంకా ఒక కాలి షూ మాత్రమే విప్పాడు. రెండోది విప్పేలోగా గులాబీరంగు కాగితం ఒకటి అతని ముక్కు ముందు రెపరెపలాడింది. దాని వెనకాల వాళ్ళమ్మ హైమవతి నిలబడి ఉంది.

"ఏ కార్తీక?"

"నన్నడుగుతావేంటి? నీకు ఉత్తరం రాసిన కార్తీక!"

తల్లీకొడుకులు తెనాలి నుంచి చెన్నై వచ్చి మూడేళ్ళయింది. పెరంబూర్లో రెండో అంతస్తు ఫ్లాటు. హైమవతి ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. మధు ఒక కంపెనీలో ఫోన్ల కోసం తెలుగు ఫాంట్లు గీస్తాడు. ఒత్తులు పక్క అక్షరాన్ని గుద్దుకోకుండా, గుడులు గాల్లోకి ఎగిరిపోకుండా చూడటం అతని ఉద్యోగం. ఇరవై తొమ్మిదేళ్ళ జీవితంలో అతను రెప్ప వేయకుండా ఎక్కువసేపు చూసింది 'ఋ' అనే అక్షరాన్ని. అమ్మాయిలెవరికీ ఆ అదృష్టం దక్కలేదు.

అతను ఉత్తరం అందుకుని చదివాడు.

'ప్రియమైన మధుసూదన్ గారికి, మన పరిచయానికి ఈ నెలతో ఏడాది నిండుతుంది. ఏడాదిలో బరువు విషయంలో తేడాలు రావడం సహజం. దాచుకోకండి. మీరు మా దగ్గరికి వస్తే సంతోషం. లేకపోతే వచ్చే ఆదివారం పది గంటలకు నేనూ మా నాన్నగారూ మీ ఇంటికే వచ్చి చూసుకుంటాం. అప్పటిదాకా తడి తగలకుండా జాగ్రత్త. ఎప్పటికీ మీ సేవలో, కార్తీక.'

"ఏడాది! ఏడాది నుంచి నాకు చెప్పకుండా!" హైమవతి కొంగుతో కళ్ళొత్తుకుంది. అవి ఆనందబాష్పాలని కొడుక్కి తెలియకూడదని ఆవిడ తాపత్రయం. "తడి తగలకుండా జాగ్రత్తట. నీకు వానలో తడిస్తే జలుబు చేస్తుందని కూడా తెలుసురా ఆ పిల్లకి."

"అమ్మా, నాకు ఏ కార్తీకా తెలీదు. అది కాదు, ఈ ఫాంటు చూశావా?"

"ఏంటి?"

"మల్లెతీగ ఫాంటు! ప్రతి తలకట్టు మీదా ఒక మొగ్గ. సున్నా లోపల గుండె బొమ్మ. పెళ్ళికార్డుల వాళ్ళు కూడా రెండు పేర్లకు మాత్రమే వాడతారు. ఈవిడ ఉత్తరం మొత్తం కొట్టేసింది!"

"పెళ్ళికార్డు అక్షరాలతో రాసింది కదరా! ఆడపిల్ల ఇంక అంతకన్నా ఎలా చెప్తుంది?"

పంపినవాళ్ళ అడ్రసు కోసం మధు కాగితం అటూ ఇటూ తిప్పాడు. పైన ఒక పూలతీగ బొమ్మ ఉంది. అంతే.

*

ఆదివారం పొద్దున్నే ఇల్లంతా నేతివాసన. బొబ్బట్లు, పులిహోర, జీడిపప్పు పకోడీ. సోఫాకు కొత్త కవర్లు.

మధు మాత్రం గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ పూలతీగను ఫోటో తీసి, పెద్దది చేసి, ఒక్కొక్క పువ్వునే చెరిపేస్తున్నాడు. ఆ వంపుల్లో ఏదో తేడా ఉందని వారం నుంచి అనుమానం. పన్నెండు పువ్వులు, ఏడు ఆకులు తీసేశాక అసలు సంగతి బయటపడింది. అది తీగ కాదు, కొట్టు పేరు.

'శ్రీ అలమేలు కాటా వర్క్స్, చూలై.'

పోయినేడాది పచ్చళ్ళు తూచడానికి అమ్మ కోసం అతనే ఫోన్లో ఆర్డరిచ్చిన ఎలక్ట్రానిక్ కాటా! ఆటోలో వచ్చింది. బిల్లు అతని పేరు మీదే. ఏటేటా దాన్ని సరిచూసి ప్రభుత్వ ముద్ర వేయించాలి. వస్తున్నది అందుకన్నమాట!

"అమ్మా!" అని అరిచి అతను గదిలోంచి బయటికి పరిగెత్తేసరికి కాలింగ్‌బెల్ మోగింది.

గుమ్మంలో అరవై ఏళ్ళ మనిషి, భుజాన సంచీ. ఆయన వెనక ఒక అమ్మాయి. చేతిలో బరువైన చెక్కపెట్టె. వానలో వచ్చినట్టున్నారు, నుదుటి మీద ముంగురులు అంటుకుపోయి ఉన్నాయి. జడలో పువ్వు ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంది.

మధు చెప్పబోయిన మాట మర్చిపోయి తలుపు బార్లా తెరిచాడు.

"రండి రండి అన్నయ్యగారూ! మీకోసమే చూస్తున్నాం," అంది హైమవతి.

ఆయన పేరు భక్తవత్సలం. ఆ అమ్మాయి తండ్రి. చెప్పులు విప్పుతూనే పని మొదలుపెట్టాడు. "ఏడ ఉండాదమ్మా? బిరబిరా చూసేస్తాము. ఈ పొద్దు ఇంకా మూడిండ్లకు పోవాల."

హైమవతి ముఖం వాడిపోయింది. "ఒక్క రోజులో ఇంకా మూడిళ్ళా?"

"సీజన్ కదమ్మా."

"అయినా ముందు మావాడితో మాట్లాడితే..."

"ఆయనతో ఏముండాది మాట్లాడేదానికి? ఆయన ఉండినా సరి, లేకపోయినా సరి."

కార్తీక సోఫా అంచున కూర్చుని ఒక పుస్తకం తెరిచింది. "వాడకం ఎట్ల ఉండాది ఆంటీ? దినానికి ఎన్ని గంటలు పనిచేస్తాది?"

"పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఏడు దాకా పనే తల్లీ."

"పది గంటలా!" కార్తీక రాసుకుంది. "వేడెక్కతా ఉండాదా?"

"కోపమా? మావాడికా? అస్సలు లేదు."

"బరువు ఎంతదాకా పెట్టినారు?" అని భక్తవత్సలం అందుకున్నాడు.

"గ్యాసు సిలిండరు ఒక్కడే రెండో అంతస్తుకి మోసుకొస్తాడండీ."

భక్తవత్సలం చేతిలో బొబ్బట్టు ఆగిపోయింది. "సిలిండరా? అయ్యయ్యో! పది కేజీలదమ్మా అది! దానిమీద సిలిండరు పెడితే నడుము ఇరిగిపోదా?"

"అమ్మా, వాళ్ళు వచ్చింది..." అని మధు అడ్డుపడ్డాడు.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే నువ్వు ఊరుకో."

కార్తీక జడలోంచి స్క్రూడ్రైవర్ లాగింది. "చూపించండి ఆంటీ. తల ఊడబీకి లోపల చూసినాక చెప్తాను."

హైమవతి కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది.

మధు ఇంక ఆగలేదు. వంటింట్లోకి పరిగెత్తి కాటా ఎత్తుకొచ్చి, పులిహోర గిన్నె పక్కకు జరిపి, టీపాయ్ మీద పెట్టాడు. కార్తీక పెట్టె తెరిచి ఇత్తడి తూకపు రాయి ఒకటి తీసి దానిమీద ఉంచింది. అంకెలు వెలిగాయి.

"మంచి కండిషన్‌లో ఉండాది," అంది సంతోషంగా. "సిలిండరు పెట్టినట్టు లేదే!"

హైమవతి లోపలికెళ్ళి గులాబీరంగు ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. భక్తవత్సలం కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఒకసారి టీపాయ్ మీది బొబ్బట్ల వైపు, ఒకసారి ఇస్త్రీ చొక్కాలో ఉన్న మధు వైపు చూశాడు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మొన్న సౌకార్‌పేట మిఠాయి కొట్టాయన పట్టుచొక్కా ఏసుకోని, గిఫ్టు ఎత్తుకోని మా కొట్టుకు వచ్చినాడమ్మా. కల్యాణమండపం ఏడ అని అడిగినాడు! నాకు అప్పుడు అర్థం కాలా."

కార్తీక మాత్రం నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ ఫాంటు నేనే సెలెక్ట్ చేసింది," అంది. "అందంగా ఉండాదని."

"అందంగానే ఉందండీ," అన్నాడు మధు. "కానీ చదవడానికి రాదు."

"ఇన్ని దినాలుగా ఎవరూ అట్ల చెప్పలా."

"చదివితే కదండీ చెప్పడానికి!"

ఆ మాట అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. కార్తీక తూకపు రాయిని పెట్టెలో పెట్టి మూత టప్పున వేసింది.

"రెండు వందల లెటర్లు పంపించినాను సార్. పంతొమ్మిది మంది వచ్చినారు. ఎందుకో తెలియక నెలగా బుర్ర బద్దలు కొట్టుకుంటా ఉండాను. వచ్చే నెల లోపల జనం రాకపోతే నాయన షట్టర్ దించేస్తానంటా ఉండారు. మా తాత పెట్టిన కొట్టు. పదేండ్లప్పటి నుంచి నేను ఆ రాళ్ళతోనే ఆడుకున్నాను. మీకు నవ్వులాటగా ఉండాదా?"

ఆమె మెట్లు దిగి వానలోకి వెళ్ళిపోయింది. భక్తవత్సలం సంచీ తీసుకుని వెనకాలే పరిగెత్తాడు. పోతూ పోతూ ఇంకో బొబ్బట్టు చేతిలోకి తీసుకున్నాడు.

"నచ్చావా లేదా అనే సంగతి తేలకుండానే పోయింది," అని హైమవతి నిట్టూర్చింది.

*

మరుసటి శనివారం మధు చూలై సందుల్లో గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ ఆ కొట్టు చేరాడు. గోడల నిండా తెరిచిన కాటాలు, వైర్లు. కార్తీక బల్ల మీద వంగి సోల్డరింగ్ చేస్తోంది.

"కాటా చెడిపోయిందా?"

"లేదండీ. క్షమించమని అడగడానికి వచ్చాను. ఇంకా... ఉత్తరానికి ఫాంటు మారుద్దామా? ఊరికే చేస్తాను. నాకు వచ్చిన పని అదొక్కటే."

ఆమె ఒక స్టూలు కాలితో అతని వైపు తోసింది. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. మధుకు అది సింహాసనంలా అనిపించింది.

అలా ఫాంట్ల పని మొదలైంది. మధు ఒకే ఉత్తరాన్ని ఆరు ఫాంట్లలో ప్రింటు తీసి బల్ల మీద పరిచాడు.

"అందం తర్వాత. ముందు మీ కస్టమర్లు ఎవరు? ఎలా చదువుతారు?"

"సౌకార్‌పేటలో కొట్లాళ్ళు. అందరికీ అరవై దాటింటాది. ఒక కన్ను గల్లాపెట్టె మీద, ఒక కన్ను లెటర్ మీద."

"అయితే సగం కన్నుతో చూసినా అర్థం కావాలి. ఈ ఫాంటు బరువు తక్కువ, ఎండలో కనిపించదు. ఇది బరువు ఎక్కువ."

కార్తీక కనుబొమలు ముడిచింది. "ఫాంటుకు బరువేంది?"

"గీత మందాన్ని అలా అంటామండీ."

"బరువంటే గ్రాముల్లో చెప్పాల. ఊరికే నోటిమాటగా బరువంటే ఎట్ల?"

నగల కొట్టు వాళ్ళు రిపేరుకిచ్చిన సన్నకాటా గాజుపెట్టెలో ఉంది. ఆమె రెండు కొత్త కాగితాలు ముందు విడివిడిగా తూచింది. వాటి మీద ఒకే ఉత్తరాన్ని పలచటి ఫాంటులో ఒకసారి, మందపు ఫాంటులో ఒకసారి ప్రింటు తీయించి మళ్ళీ తూచింది. ఫ్యాను ఆపింది. "ఊపిరి బిగబట్టండి," అంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, తలలు దగ్గర పెట్టి, అంకెల వంక చూశారు.

"మీరు చెప్పింది నిజమే," అంది చివరికి గుసగుసగా. "ఆరు మిల్లీగ్రాములు ఎక్కువుండాది."

ఆరేళ్ళుగా ఫాంట్లు గీస్తున్నాడు మధు. వాటిని తూచి చూసిన మనిషి అతనికి ఇప్పటిదాకా తగల్లేదు. గుండె ఎంత బరువెక్కిందో ఆ కాటా మీద పెట్టి చూస్తే బాగుండుననిపించింది.

చదివే పరీక్షకు ఎదురు కొట్టు నాగప్పన్ దొరికాడు. డెబ్బై ఏళ్ళ పప్పుల వ్యాపారి. కళ్ళజోడు తీయించి, పది అడుగుల దూరంలో నిలబెట్టి, కాగితాలు ఒక్కొక్కటే చూపించారు.

"మీ కాటాకు ముద్ద... ముద్ద వేయించుకోండి," అని చదివాడాయన. "కాటాకు ముద్ద ఎందుకు పాపా? అన్నం తింటాదా?"

"ముద్ర, తాతా! ముద్ర!"

"ఆడ ముద్ద అనే ఉండాది."

మధు ఆనందంతో గెంతాడు. "చూశారా! ఈ ఫాంటులో క్రావడి తోక మరీ పొట్టి. ఇది పనికిరాదు."

నాలుగు ఫాంట్లలో ముద్ద పడింది. అయిదోది నల్లగా, నిటారుగా, దుక్కలా ఉంది. నాగప్పన్ రోడ్డు అవతలి నుంచి కూడా తప్పు లేకుండా చదివేశాడు. కార్తీక పూలమాటలన్నీ కొట్టేసి నాలుగు ముక్కల్లో ఉత్తరం తిరగరాసింది. 'పదిహేనో తారీఖులోగా మీ కాటా తీసుకురండి. తేడా ఉంటే దొరికిపోతుంది. సరిచేస్తాం.' రెండు వందల కాపీలు పోస్టులో వేశారు.

*

మూడో రోజు పొద్దున కార్తీక ఫోను చేసింది. వెనకాల జనం గోల.

"వెంటనే రండి! సౌకార్‌పేట మొత్తం ఈడే ఉండాది!"

మధు వెళ్ళేసరికి సందు చివరిదాకా వరస. వానలో గొడుగుల కింద కాటాలు, కాటాల పక్కన తడుస్తున్న మనుషులు. ఒక్కరి ముఖంలోనూ నెత్తురు లేదు.

"గవర్నమెంటు నోటీసు అనుకున్నారు," అంది కార్తీక వరస వైపు చూపిస్తూ. "ఆ ఫాంటు చూసి భయపడిపోయినారు. మొదట వచ్చినాయన నా కాళ్ళ మీద పడబోయినాడు!"

"నేను కేవలం స్పష్టంగా ఉండాలని..."

"మరీ స్పష్టమైపోయింది!"

ఇంతలో నాగప్పన్ వరస తోసుకుని ముందుకొచ్చాడు. ఫాంటు పరీక్షలో కూర్చున్న మనిషే, అయినా ఇంటికి ఉత్తరం వచ్చేసరికి ధైర్యం పోయినట్టుంది. చేతులు జోడించాడు. "పాపా, నా కాటాలో తప్పు లేదు. తప్పు ఈ బొటనవేలిది. ఇరవై ఏండ్లుగా పప్పుతోపాటు ఇది కూడా తూగుతా ఉండాది. రాసుకో."

వెనకాల వరసలో కలకలం పుట్టింది. చింతపండు అమ్మేవాడు గోనెసంచీ తడుపుతానని ఒప్పుకున్నాడు. నేతి వ్యాపారి డబ్బా బరువు గురించి ఏదో చెప్పబోయి, పెళ్ళాం చేయి గిల్లేసరికి ఆగిపోయాడు. ఇది మామూలు ఉత్తరమేనని కార్తీక స్టూలెక్కి అరిచింది. ఎవరూ నమ్మలేదు. ఒప్పుకున్నవాళ్ళ ముఖాలు మాత్రం తేటపడ్డాయి.

ఆ వారమంతా తండ్రీకూతుళ్ళకు అన్నం తినే తీరిక లేదు. మధు సెలవు పెట్టి, టోకెన్లు రాయకుండా ప్రింటు తీసి పంచాడు. నూట డెబ్బై కాటాలు వచ్చాయి. ఆఖరి రోజు సాయంత్రం భక్తవత్సలం షట్టర్ వైపు చూసి, "దీనికి కొంచెం ఆయిల్ పెట్టాలమ్మా, ఇంకా చానా ఏండ్లు ఎత్తాల గదా," అన్నాడు. కార్తీక అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మధు చూశాడు. చూడనట్టు ఆకాశం వైపు తిరిగాడు.

తర్వాతి ఉత్తరానికి గుండ్రటి అంచులున్న ఫాంటు ఒకటి కుదిరింది. అందులో ముద్ర ముద్రగానే ఉంది. భయపడి ఎవరూ పరిగెత్తుకు రాలేదు, మండపం ఎక్కడని ఎవరూ అడగలేదు. పని పూర్తయింది.

అదే చిక్కు. పని పూర్తయితే చూలై వెళ్ళడానికి వంకేదీ?

మధు అమ్మ కాటా తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. పది గ్రాములు తేడా వస్తోందని ఒకసారి. బటన్ నొక్కుడు పడటం లేదని ఒకసారి. అంకెల్లో మూడు కొంచెం దిగులుగా కనిపిస్తోందని ఇంకోసారి.

నాలుగోసారి కార్తీక కాటాను విప్పను కూడా లేదు.

"దీనికి ఏమీ లేదు మధూ. నీకేమైనా ఉంటే చెప్పు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చినందుకే అతనికి సగం మాటలు పోయాయి.

"రాసి... రాసిస్తాను," అన్నాడు.

రాయడం మొదలెట్టాడు. మొదటి ఫాంటులో ఆ ఉత్తరం బ్యాంకు వాళ్ళు పంపినట్టుంది. రెండోదానిలో ఒకటో తరగతి వాచకంలా ఉంది. మూడోది మాత్రల అట్ట వెనకాల ఉండేదిలా ఉంది. పదకొండు రోజులు గడిచాయి.

"నువ్వు అక్షరాలు ఎంచుకునేలోపు ఆ పిల్లకి షష్టిపూర్తి అయిపోతుంది," అని హైమవతి లాప్‌టాప్ మూసేసి పెన్ను చేతిలో పెట్టింది. "చేత్తో రాయి."

రాశాడు. మడిచి, ఆవకాయ సీసాతోపాటు పార్సిల్ కట్టి ఆవిడే చూలై పంపించింది.

అయితే మధు పెన్ను పట్టడం మానేసి పదేళ్ళు దాటింది.

*

"ఇదేంది, సర్క్యూట్ డయాగ్రమా?" అన్నాడు భక్తవత్సలం కాగితం తిప్పి చూసి.

కార్తీక భూతద్దం పెట్టి చూసింది. 'కార్తీక' అన్న మాట తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. వానలో పరుగున సందు చివరి మెడికల్ షాపుకు వెళ్ళింది. షాపు వాసంతి ఎంతటి డాక్టరు రాతనైనా నిమిషంలో చదివేస్తుంది.

షాపు ముందు ఆరుగురు ఉన్నారు. అందరికన్నా ముందు దగ్గుతూ బాలసుందరం తాత.

"అక్కా, దీన్ని మెల్లగా చదువు. మనసులో."

వాసంతికి చీటీ ఏదైనా పైకి చదివే అలవాటు. "కార్తీకా... దినానికి మూడు పూటలా నువ్వే... గుర్తొస్తున్నావు. భోజనానికి ముందు ఎక్కువగా." ఆవిడ ఆగి కళ్ళజోడు సర్దుకుంది. "ఇది మందుల చీటీ కాదే!"

ఆరుగురూ దగ్గరికి జరిగారు.

"చదువమ్మా," అన్నాడు బాలసుందరం.

"నువ్వు ఊపిరి బిగబట్టమన్నావు. ఆ రోజు నుంచి... సరిగ్గా ఊపిరి ఆడటం లేదు. నీతో మాట్లాడాలంటే... తప్పులు లేని కాటాను కూడా తప్పని చెప్పాను. నన్ను... నన్ను..." వాసంతి కాగితాన్ని లైటు కింద పెట్టింది. "నన్ను పల్లీ చేసుకుంటావా?"

"పల్లీనా?"

"ఏదీ చూపించు." బాలసుందరం మెడ చాచాడు. "పల్లీ కాదు, బల్లి. నన్ను బల్లి చేసుకుంటావా అంటాడు."

ఆరుగురూ ఆరు రకాలుగా చదివారు. కార్తీకకు ఆ మాటేమిటో తెలిసిపోయింది. అయినా ఫోను తీసింది. స్పీకర్ ఆన్ చేయమని బాలసుందరం సైగ చేశాడు. చేసింది.

"మధూ, లెటర్ వచ్చింది. ఒక మాట అర్థం కాలా. 'నన్ను'కూ 'చేసుకుంటావా'కూ నడమ ఏముండాది?"

"నేను ఆఫీసులో ఉన్నాను కార్తీకా. మీటింగ్ జరుగుతోంది."

"సరే అయితే, బల్లి అనుకుంటాను."

"కాదు! పెళ్ళి!"

"వాన శబ్దంలో వినపడలా."

"పెళ్ళి! పెళ్ళి! నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

ఫోన్లోంచి ఎవరెవరో ఈలలు వేయడం, బల్లలు చరచడం వినిపించింది. మెడికల్ షాపులో మాత్రం ఒక్కరూ కదల్లేదు. బాలసుందరం వస్తున్న దగ్గును కూడా రెండు చేతులతో ఆపుకుంటున్నాడు. కార్తీక ఫోనును రెండు చేతులతో పట్టుకుని దాని వంకే చూస్తోంది.

"సరే అని చెప్పమ్మా బిడ్డా," అన్నాడు ఆయన ఎర్రబడిన ముఖంతో. "మంచి పిల్లోడు. నాకు దగ్గు మందు కావాల."

"సరే," అంది కార్తీక.

బాలసుందరం తనివితీరా దగ్గాడు. వాసంతి మందు సీసా వదిలేసి కళ్ళు తుడుచుకుంది.

"ఏడ ఉండావు ఇప్పుడు?" అని అడుగుతూ కార్తీక అప్పటికే రోడ్డు మీదికి వచ్చేసింది. గొడుగు షాపులోనే మర్చిపోయింది. వాన ఆమె జుట్టు మీద, ఫోను మీద, నవ్వు మీద పడుతోంది.

"మీటింగ్ రూములో," అంది ఫోన్లోంచి మధు చిన్న గొంతు. "టేబుల్ కింద."

"ఆడే ఉండు," అంటూ ఆమె ఎదురొస్తున్న ఆటోకి చెయ్యెత్తింది. "వస్తా ఉండాను."